ఒక్క కేసైనా మొదటి నుంచి చివరిదాకా మీ చేతుల్లో నడిచిందా?

మీరు రాసింది చదివాక నాకు అర్థమైంది ఇదీ. ఏయూలో లా పూర్తిచేసి, ఎన్‌రోల్ అయి, బార్ పరీక్ష కూడా పాసై, విశాఖలోనే ఓ పదిమంది అడ్వకేట్లున్న లా ఫర్మ్‌లో జూనియర్‌గా చేరారు. ఏడాది కావస్తోంది. నెలకు 12,000 ఇస్తున్నారు. పొద్దున్న పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా బ్యాంకుల కోసం లీగల్ ఒపీనియన్లు రాయడం, రూలింగ్స్ (పై కోర్టుల పాత తీర్పులు) వెతకడం, నోటీసులు డ్రాఫ్ట్ చేయడం మీ పని. కోర్టుకు పంపితే వాయిదా అడిగి రావడానికే. ‘నేను లాయర్నవుతున్నానా, గుమాస్తానవుతున్నానా’ అని అడిగారు. ఉండాలా, మానేయాలా, లేక జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుకోవాలా అన్నది మీ సందేహం.

నేను సూర్యాబాగ్ కోర్టుల్లో చాలా ఏళ్లుగా సివిల్, కమర్షియల్ కేసులు చేస్తున్నాను. జూనియర్లను తీసుకుంటాను, కొందరు నా దగ్గర నేర్చుకుని సొంత ఆఫీసులు పెట్టుకున్నారు. జీతం, పని గంటలు, సీనియర్ గారి కోపం ఇవన్నీ చూడాల్సినవే. కానీ ఒక ఆఫీసులో ఉండాలో వద్దో తేల్చుకోడానికి నేను చూసే కొలత ఒకటుంది. క్లయింట్ మొదటిసారి గదిలోకి వచ్చి తన గోడు చెప్పుకున్న రోజు నుంచి ఆ కేసులో ఆర్డరు వచ్చేదాకా, ఒక్క ఫైలైనా మొత్తంగా మీ కళ్ల ముందు నడవనిస్తున్నారా? నడవనిస్తే ఆ ఆఫీసు మంచిది, మిగతా ఇబ్బందులు చాలావరకు ఓర్చుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా పని ఇచ్చి, ఏ ముక్క ఏ కేసుదో, తర్వాత ఏమైందో తెలియనివ్వకపోతే అక్కడ ఐదేళ్లున్నా ఎదుగుదల ఉండదు.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించిన మాట ఒకటుంది. ‘నేను రాసిన నోటీసు వెళ్లిందో లేదో కూడా నాకు తెలియదు’ అన్నారు. సగం తప్పు ఆఫీసుదే. మిగతా సగం మీ చేతుల్లో ఉంది. మీరు నోటీసు రాశారంటే ఆ ఫైలు మీద మీకు హక్కు వచ్చినట్టే. రెండు రోజులాగి ఫైలు తీయండి. సీనియర్ గారు మీ డ్రాఫ్టులో ఏం కొట్టేశారు, ఏం చేర్చారు అన్నది పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీ వాక్యం ఎందుకు తీసేశారో అర్థం కాకపోతే సాయంత్రం ఖాళీ చూసి అడగండి. ‘ఈ ఒప్పుకోలు మనం ముందే రాసిస్తే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మన సాక్షి ఇరుక్కుంటాడు’ అని ఆయన చెప్పే ఒక్క ముక్క విలువ, మీరు పదిహేను రూలింగ్స్ చదివితే వచ్చేదానికన్నా ఎక్కువ.

ప్రతి ఫైలుకూ మీ సొంతంగా ఒక తేదీల పట్టిక రాసుకోండి. ఎవరూ అడగకపోయినా రాయండి. ఒప్పందం ఎప్పుడు, సరుకు ఎప్పుడు, చివరి చెల్లింపు ఎప్పుడు, మొదటి నోటీసు ఎప్పుడు, దానికి జవాబు ఎప్పుడు, ఒక్కో తేదీకి ఏ కాగితం సాక్ష్యం, అది ఒరిజినలా జిరాక్సా. ఇదంతా ఒకటి రెండు పేజీల్లో వచ్చేస్తుంది. వాదనకు ముందు రోజు సీనియర్ గారు ఫైలు తెరిచినప్పుడు ఆ పట్టిక పైన కనిపిస్తే, మర్నాడు మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకోకుండా కోర్టుకు వెళ్లలేరు. జడ్జి గారు ‘చివరి పేమెంట్ ఎప్పుడు?’ అని అడిగితే, కాగితాలు తిరగేయకుండా పేజీ నంబరుతో సహా చెప్పగలిగేది మీరే కదా. జూనియర్‌కు పలుకుబడి వచ్చేది ఇలాగే.

తేదీల గురించి కాస్త ఎక్కువే చెబుతాను. మన వృత్తిలో మంచి కేసు ఓడిపోయే దారుల్లో అన్నిటికన్నా దారుణమైనది గడువు దాటిపోవడం. వాదన బాగోక ఓడితే అప్పీలుంది, గడువు పోతే చాలాసార్లు ఇక ఏమీ ఉండదు.

చెక్ బౌన్స్ కేసే తీసుకోండి, ఫర్మ్‌లో జూనియర్ చేతికి మొదట వచ్చేది అదే. చెక్కు దాని మీదున్న తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేసి ఉండాలి. తిరిగొచ్చిందన్న సమాచారం బ్యాంకు నుంచి అందాక 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్న మనిషికి డబ్బు కట్టడానికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఒక నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఉదాహరణకు నోటీసు మార్చి 5న అందిందనుకోండి. మార్చి 20తో పదిహేను రోజులు పూర్తవుతాయి, 21న దావా కారణం పుడుతుంది. ఆ రోజును వదిలేసి నెల లెక్కిస్తే ఏప్రిల్ 21 ఆఖరి రోజు. ఇక్కడ చట్టం అన్నది ‘ఒక నెల’, 30 రోజులు కాదు. సాకేత్ ఇండియా కేసులో 1999లో సుప్రీంకోర్టు తేల్చిన లెక్క ఇది, తీర్పు చిన్నదే, ఈ వారమే చదవండి. నోటీసు అందిన తేదీని పోస్టల్ ట్రాకింగ్ కాగితంతో ప్రింటు తీసి ఆ రోజే ఫైల్లో పెట్టండి, కొన్నాళ్ల తర్వాత వెతికితే ఆన్‌లైన్లో దొరకదు.

ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి) అవార్డును కొట్టేయమని సెక్షన్ 34 కింద కోర్టుకు వెళ్లాలంటే అవార్డు చేతికందిన రోజు నుంచి మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా కోర్టు ఇవ్వలేదు. స్టీల్ ప్లాంటు, పోర్టు కాంట్రాక్టులు ఇన్ని ఉన్న ఊళ్లో ఈ లెక్క తెలియని జూనియర్ ఉండకూడదు. కమర్షియల్ దావాలో సమన్లు అందాక 120 రోజులు దాటితే రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు) వేసే హక్కే పోతుంది. మామూలు సివిల్ దావాలో 30, పొడిగిస్తే మొత్తం 90 రోజులని చదివిన అలవాటుతో ఇక్కడా కోర్టు సర్దుకుంటుందిలే అనుకోవద్దు. అలాగే 3 లక్షలు, ఆపైన విలువున్న కమర్షియల్ వివాదంలో అర్జెంటు ఇంటరిమ్ రిలీఫ్ అడగకపోతే, దావాకు ముందు మీడియేషన్‌కు వెళ్లి తీరాలి. పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022లో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అంది. ప్లెయింట్ (దావా పత్రం) బ్రహ్మాండంగా రాసి ఈ మెట్టు మరిచిపోతే కష్టమంతా గంగపాలే.

డిక్రీ మీద అప్పీలు హైకోర్టుకైతే 90 రోజులు, జిల్లా కోర్టుకైతే 30. సర్టిఫైడ్ కాపీ రావడానికి పట్టిన కాలం ఇందులోంచి తీసేస్తారు, కానీ అది మీరు సీఏ (కాపీ అప్లికేషన్) వేసిన రోజు నుంచే మొదలవుతుంది. అందుకే తీర్పు చెప్పిన రోజే కాపీ అప్లికేషన్ పడాలి, గెలిచినా ఓడినా సరే. కాపీ చివర్లో తేదీల ముద్ర ఉంటుంది చూడండి: అప్లికేషన్ ఎప్పుడు, చార్జీలు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు తయారైంది, ఎప్పుడు ఇచ్చారు. చార్జీలు అడిగిన తర్వాత మీరు ఆలస్యంగా కడితే ఆ రోజులు మీ నెత్తినే పడతాయి. ఈ ముద్ర చదవడం రాని అడ్వకేట్లను చూశాను, కాలేజీలో ఎవరూ చెప్పరు.

దీన్ని చెప్పేది ఎవరో తెలుసా, గుమాస్తా గారే. ‘గుమాస్తానవుతున్నానా’ అని మీరు రాసినప్పుడు నాకు నచ్చలేదు, మనసులో పెట్టుకోకుండా చెబుతున్నాను. కోర్టు ఫీజు లెక్క, ప్లెయింటు మీద ఆఫీసు వేసే అబ్జెక్షన్లు, రిటర్న్ పడితే ఎన్ని రోజుల్లో రీప్రజెంట్ చేయాలి, ప్రాసెస్ మెమో ఎక్కడ వేయాలి, బ్యాటా ఎంత కట్టాలి, ఏ కోర్టులో ఐఏలు (కేసు మధ్యలో వేసే అప్లికేషన్లు) పొద్దున్న పిలుస్తారు, ఎక్కడ మధ్యాహ్నం పిలుస్తారు, ఇవన్నీ ముప్పై ఏళ్లుగా కోర్టు వరండాలో తిరుగుతున్న మనిషికి తెలిసినంత మీ సీనియర్ గారికి కూడా తెలియవు. ఆయనతో ఓ రెండు నెలలు ఫైలింగ్ సెక్షన్‌కు వెళ్లండి. ‘బాబాయి గారూ, ఇది ఎందుకు రిటర్న్ చేశారు?’ అని అడిగితే సంతోషంగా చెబుతారు. ఈ-ఫైలింగ్ వచ్చాక కూడా ఈ పని మారలేదు, స్కానింగ్, పేజీ నంబర్లు, ఇండెక్సు, కోర్టు ఫీజు రసీదు తోడయ్యాయంతే.

వాయిదా అడగడం గురించి కూడా మీకు చిన్నచూపు ఉన్నట్టుంది. జూనియర్‌గా మీరు జడ్జి ముందు నోరు తెరిచే మొదటి అవకాశం అదే, దాన్ని వాడుకోండి. ముందురోజు రాత్రి ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరుతో కేసు చరిత్ర చూడండి. గత మూడు వాయిదాలూ ఎవరు తీసుకున్నారు, దేనికోసం? ఈ రోజు దేనికి పోస్ట్ అయింది, కౌంటర్‌కా, చీఫ్ అఫిడవిట్‌కా (సాక్షి రాతలో ఇచ్చే వాంగ్మూలానికా), వాదనలకా? ‘సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు’ అని మాత్రమే తెలిసిన జూనియర్‌కు జడ్జి గారు ఒక ప్రశ్న వేస్తే నోట మాట రాదు. కేసు తెలిసిన జూనియర్ అయితే ‘కౌంటర్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే ఫైల్ చేస్తున్నాం, విచారణకు మాత్రం వచ్చే వారం తేదీ ఇప్పించండి’ అంటారు. రెండోవారిని కోర్టు గుర్తుపెట్టుకుంటుంది. కేసును కాసేపాగి పిలవమని పాస్ ఓవర్ అడిగి కూర్చున్నప్పుడు ఫోను చూడకుండా ఆ కోర్టులో జరిగే క్రాస్ వినండి. విశాఖలో క్రిమినల్ కోర్టుల్లోనూ, సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లోనూ రోజూ ఏదో ఒకచోట మంచి క్రాస్ జరుగుతూనే ఉంటుంది. సాక్షి ఉత్తరాంధ్ర యాసలో చెప్పిన మాట డిపాజిషన్‌లోకి (కోర్టు రాసుకునే వాంగ్మూలంలోకి) ఎక్కేసరికి ఎలా మారిపోతుందో, మంచి అడ్వకేటు దాన్ని అక్కడికక్కడే ఎలా సరిచేయిస్తారో చూస్తే గానీ తెలియదు.

వాయిదా అయ్యాక ఆఫీసుకొచ్చి ఫైలు మీద తేదీ ఒక్కటే రాసి పడేయకండి. ఎవరు హాజరయ్యారు, కోర్టు ఏమంది, వచ్చేసారి మనం చేయాల్సిందేమిటి, నాలుగు ముక్కలు రాసి, అదే రోజు డైరీలోనూ ఎక్కించండి. మనం హాజరు కాక ఎక్స్‌పార్టీ అయినా, డిఫాల్టులో డిస్మిస్ అయినా ఆ డిక్రీని, ఆ ఉత్తర్వును తీయించుకోడానికి ఉండేది 30 రోజులే. క్లయింటు ఫోన్ చేసి చెప్పేదాకా ఆఫీసుకు తెలియకపోతే ఆ మాట క్లయింటు ఊరంతా చెబుతాడు.

ఇక మీకు విసుగు తెప్పిస్తున్న లీగల్ ఒపీనియన్ల సంగతి. బ్యాంకు లోను కోసం ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు చదివి రెండు పేజీలు రాయడం ఎవరికైనా మొదట్లో విసుగే. కానీ విశాఖలో భూమి నేర్చుకున్న లాయరుకు పని లేని రోజుండదు, నా మాట నమ్మండి. ఈ జిల్లాలో ఒక సర్వే నంబరు వెనక ఎన్ని పొరలుంటాయో చూడండి. విజయనగరం సంస్థానం కింద ఉండి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో రైత్వారీ అయిన ఊళ్లు. ఇనాము భూములు. సింహాచలం దేవస్థానంతో వివాదం నలుగుతున్న పంచ గ్రామాలు: అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి. ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టాలు, వాటిని అమ్మకుండా అడ్డుకునే 1977 చట్టం. మాజీ సైనికులకిచ్చిన పట్టాలైతే వాటికి వేరే నియమాలు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద నిషేధిత జాబితాలోకి ఎక్కిన సర్వే నంబర్లు, ఒక్కోసారి పొరపాటున ఎక్కినవి కూడా. మధురవాడ, ఆనందపురం, భీమిలి వైపు ధరలు పెరిగేకొద్దీ ఈ పొరలన్నీ కోర్టుకెక్కుతున్నాయి.

కాబట్టి ఒపీనియన్ రాసేటప్పుడు అమ్మకం దస్తావేజులు వరసగా ఉన్నాయా లేదా అని చూసి ఊరుకోవద్దు. మొట్టమొదటి దస్తావేజులో అమ్మినవాడికి ఆ భూమి ఎలా వచ్చిందో అడగండి. ‘పిత్రార్జితం’ అని ఒక్క మాట రాసి ఉంటే అక్కడ ఆగండి. సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఆ నంబరు ఎదురుగా ఎవరి పేరుందో, జిరాయితీయా, గయాళా, పోరంబోకా అన్నది తీయించండి. వారసుల్లో ఆడపిల్లలు సంతకం పెట్టారా? మైనర్ వాటా ఉంటే కోర్టు అనుమతి ఉందా? జీపీఏతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో) చేతులు మారిన స్థలమైతే, జీపీఏ వల్ల హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుందా? ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏమీ కనిపించకపోయినంత మాత్రాన గొడవ లేదని కాదు, కోర్టులో నడుస్తున్న దావా ఈసీలో సాధారణంగా కనిపించదు. అమ్మేవారి పేరుతో ఈ-కోర్ట్స్‌లో ఒకసారి వెతకండి. వీలైతే శనివారం మధ్యాహ్నం ఆ స్థలానికి వెళ్లి చూసి రండి. కాగితంలో తూర్పున పుంత అని రాసి ఉన్నచోట అపార్ట్‌మెంటు గోడ ఉంటే ఆ ఒపీనియన్ వేరేలా రాయాలి.

ఇలా వంద ఒపీనియన్లు రాసిన జూనియర్ టైటిల్ దావాలో కూర్చుంటే, ప్లెయింటు చదువుతూనే ఎక్కడ బొక్క ఉందో చెప్పేస్తుంది. అందుకే ఈ పని తగ్గించమని అడగవద్దు. ఇదే పనితోపాటు ఆ భూమి మీద వచ్చే దావాలో కూడా మిమ్మల్ని ఉంచమని అడగండి.

రూలింగ్స్ వెతకడంలో ఒక్క మాటే చెప్పి వదిలేస్తాను. హెడ్‌నోట్ చదివి సైటేషన్ రాయకండి, తీర్పు మొత్తం చదవండి, ఆ తర్వాత దాన్ని ఎవరైనా తోసిపుచ్చారేమో చూడండి. ఈ మధ్య జూనియర్లు ఏఐని అడిగి సైటేషన్లు తెస్తున్నారు. లేని కేసును ఉన్నట్టే పేరు, సంవత్సరం, పేజీ నంబరుతో సహా చెప్పే గుణం వాటికుంది. తీర్పు ప్రతి మీ చేతిలో లేకుండా ఒక్క సైటేషన్ కూడా కోర్టు ముందుకు వెళ్లకూడదు. పోయేది మీ సీనియర్ గారి పరువు ఒక్కటే కాదు, మీ పేరు మీద పడిన మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, సీసీటీవీ ఫుటేజీ ఫైల్లో కనిపిస్తే భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 సర్టిఫికెట్ గురించి ఆ రోజే క్లయింటుతో మాట్లాడండి. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లోని 65బి కన్నా ఇందులో పని ఎక్కువ. సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి, రెండోది నిపుణుడు సంతకం చేయాల్సినది, హ్యాష్ విలువ కూడా రాయాలి. ఈలోగా క్లయింటు ఫోను మార్చేస్తే మన దగ్గర మిగిలేది ఉత్త కాగితమే.

డబ్బు సంగతి. 12,000 తక్కువే. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇమ్మని సర్క్యులర్ పంపింది. అది సిఫార్సు మాత్రమే, ఇవ్వలేదని కేసు వేయలేరు. కానీ మాట్లాడేటప్పుడు ఆధారంగా చూపవచ్చు, చూపడంలో తప్పు లేదు. పది మంది లాయర్లుండి బ్యాంకు పానెల్ పని చేస్తున్న ఆఫీసు ఏడాది దాటిన జూనియర్‌కు ఆ మాత్రం ఇవ్వలేనిది కాదు. మరో సంగతి, ప్రాక్టీసు చేసే అడ్వకేటు పూర్తికాలపు జీతగాడిగా ఉండకూడదని బార్ కౌన్సిల్ 49వ నియమం. అందుకే ఫర్మ్‌లు మీకిచ్చేదాన్ని రిటైనర్ అనో ప్రొఫెషనల్ ఫీజు అనో రాస్తాయి. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. టీడీఎస్ పట్టుకుంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి, మీ ఆదాయానికి పన్ను పడదు. ఆరోగ్య బీమా మాత్రం మీరే తీసుకోవాలి, ఆఫీసు చూసుకుంటుందని ఊరుకోవద్దు. కోర్టు పని మీద గాజువాకకో, అనకాపల్లికో, హైకోర్టుకు నేలపాడుకో పంపితే ప్రయాణం ఖర్చు ఆఫీసే భరించాలి. మొహమాటపడకుండా నెలాఖరుకు రసీదులు ఇవ్వండి.

రాత్రి తొమ్మిది దాకా ఉండటం గురించి: సాయంత్రం క్లయింట్లు వచ్చే ఆఫీసుల్లో ఆలస్యం తప్పదు, ఆ గంటల్లోనే అసలు చదువు ఉంది కూడా. కాన్ఫరెన్సు జరుగుతుంటే బయట టైపు చేస్తూ కూర్చోవద్దు. ‘సార్, నేను కూడా కూర్చుని నోట్స్ రాసుకుంటాను’ అనండి. వద్దనే సీనియర్లు తక్కువ. కాన్ఫరెన్సు లేని రోజుల్లో ఊరికే కూర్చోబెట్టడం మాత్రం దుర్వినియోగమే. పని ముగిసిందని చెప్పి బయలుదేరండి.

సీనియర్ గారు అరుస్తారని రాశారు. డ్రాఫ్టు మీద అరవడం వేరు, మనిషి మీద అరవడం వేరు. మొదటిది వృత్తిలో ఉన్నదే, మెల్లగా తగ్గుతుంది. కులం గురించో, ఆడపిల్లవనో, ఇంటి పరిస్థితి గురించో మాట తూలితే అది భరించాల్సిన విషయం కాదు. లైంగిక వేధింపులైతే 2013 చట్టం లా ఫర్మ్‌లకూ వర్తిస్తుంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి, గుమాస్తాలు, టైపిస్టులు కూడా ఆ లెక్కలోకి వస్తారు. అంతకన్నా చిన్న ఆఫీసైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదు రాతపూర్వకంగా, మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. మీ ఉత్తరంలో ఆ సూచన లేదు. చదివే మరో అమ్మాయికి అవసరం కావచ్చని రాశాను.

క్లయింటు విషయాలు బయట మాట్లాడకూడదన్నది మీకు తెలిసిందే. కోర్టు బయట టీ కొట్టు దగ్గర, బస్సులో, స్నేహితుల వాట్సాప్ గ్రూపులో మాట్లాడటం కూడా బయట మాట్లాడటమే. విశాఖ పెద్దదే కానీ లాయర్ల లోకం చిన్నది, మీరు పేరు చెప్పకుండా చెప్పినా ఎవరి కేసో పట్టేస్తారు.

ఇప్పుడు చేయాల్సింది. రద్దీ లేని ఒక శనివారం సాయంత్రం సీనియర్ గారి దగ్గర పది నిమిషాలు అడగండి. ఫిర్యాదులతో మొదలుపెట్టకండి. రెండు ఫైళ్లు ముందే ఎంచుకుని వెళ్లండి, ఒకటి కొత్తగా వచ్చిన డబ్బు రికవరీ దావా, రెండోది సాక్ష్యం దశలో ఉన్న టైటిల్ దావా. వాటి తేదీల పట్టికలు చేత్తో పట్టుకెళ్లి, ‘సార్, ఈ రెండింటిలో నన్ను చివరిదాకా ఉంచండి. వకాలత్‌లో నా పేరు కూడా చేర్చండి. చీఫ్ అఫిడవిట్ నేను రాస్తాను, మీరు దిద్దండి. ఓ చిన్న సాక్షి క్రాస్ నాకిచ్చి చూడండి’ అని అడగండి. ఫీజు మాట కూడా అదే రోజు, చివర్లో, సూటిగా చెప్పండి. ఆయన ఒప్పుకుంటే మరో ఏడాదిన్నర అక్కడే ఉండండి. చూద్దాంలే అంటే మూడు నెలలు ఆగి మళ్లీ అడగండి. రెండోసారీ మాట దాటేస్తే మారండి, అప్పుడు సందేహించవద్దు.

మారేటప్పుడు ఫర్మ్ నుంచి ఫర్మ్‌కు దూకే బదులు, ట్రయల్ పని ఎక్కువగా ఉన్న ఒక్క సీనియర్ గారి ఛాంబర్ చూడండి. డబ్బు ఇంకా తగ్గవచ్చు, కానీ కోర్టులో మాట్లాడే అవకాశం పెరుగుతుంది. మీకు ఆర్థికంగా వీలు కాకపోతే డీఆర్‌టీ (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) పని చేసే ఆఫీసులు కూడా మంచివే. విశాఖలోనే ట్రిబ్యునల్ ఉంది కనుక ఊరు విడిచి వెళ్లనక్కర్లేదు, బ్యాంకులు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టంలో నోటీసుకు 60 రోజులు, దాని మీద సెక్షన్ 17 దరఖాస్తుకు 45 రోజులు అంటూ గడువుల క్రమశిక్షణ కూడా బాగా వస్తుంది. ఓడల కేసుల మీద ఆసక్తి ఉందని రాశారు, పోర్టు ఇక్కడున్నా నౌకను అరెస్టు చేయించే అధికారం 2017 అడ్మిరాల్టీ చట్టం ప్రకారం హైకోర్టుది. ఆ పని కావాలంటే అమరావతిలో పనున్న ఆఫీసే వెతుక్కోవాలి. వదిలివెళ్లే చోట మీ ఫైళ్లన్నిటికీ ఒక్కో పేజీ నోట్ రాసి, వచ్చే వాయిదాలతో సహా అప్పగించి వెళ్లండి. అక్కడి డ్రాఫ్టులు, క్లయింటు కాగితాలు పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్లవద్దు.

జడ్జి పరీక్ష గురించి ఇంట్లో ఒత్తిడి ఉందన్నారు. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ డివిజన్ పోస్టులకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని తీర్పిచ్చింది. లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి మొదలవుతుంది. అంటే ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని చదివితే ఆ కాలాన్ని ప్రాక్టీసని చూపించలేరు. ప్రాక్టీసు చేసినట్టు ఆ కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసరు గానీ, కనీసం పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు రాసి ఆ ఆఫీసరు ధ్రువీకరించినది గానీ సర్టిఫికెట్ కావాలి. మూడేళ్లూ ఫర్మ్ గదిలో ఒపీనియన్లు రాస్తూ, ఒక్క వకాలత్‌లో పేరు లేకుండా గడిపితే ఆ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు చేస్తారు? అందుకే ఈ వారం నుంచే మీ పేరున్న వకాలత్ కాపీలు, మీ హాజరు రాసిన డాకెట్ ఆర్డర్ల (ప్రతి వాయిదాకూ కోర్టు రాసే ఉత్తర్వుల) ప్రింట్లు తేదీల వారీగా ఒక ఫోల్డర్లో పెట్టడం మొదలుపెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక అందులోని అర్హత నిబంధన అక్షరం అక్షరం చదివి, ఆ ఫోల్డరు పట్టుకుని మీ సీనియర్ గారి దగ్గరకు వెళ్లండి.